మెటల్ హాలైడ్ వేశాక రీఫ్ ట్యాంక్ సాయంత్రానికి 29 డిగ్రీలు దాటుతోంది, 34 వాట్స్‌కే ఇంత వేడా?

ఉప్పునీటి_కొత్తోడు:

అందరికీ నమస్తే అండి. ఏడాదిన్నరగా రీఫ్ ట్యాంక్ (కోరల్స్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి ఆక్వేరియం) నడుపుతున్నా, ఇప్పటిదాకా పెద్ద గొడవలేం లేవు. 4 అడుగుల ట్యాంక్, కింద స్టాండ్‌లో సంప్ (నీళ్ళు తిరిగే రెండో తొట్టి), రాళ్ళూ ఇసుకా పోగా మొత్తం నీళ్ళు ఒక 250 లీటర్లు ఉంటాయి. మొన్నటిదాకా 54 వాట్స్ టీ5 ట్యూబులు (సన్నటి ట్యూబ్‌లైట్లు) నాలుగు ఉండేవి. రెండు నెలల క్రితం తెలిసినాయన ఎల్‌ఈడీకి మారిపోతూ తన పాత 250 వాట్స్ మెటల్ హాలైడ్ (బాగా వేడెక్కే పెద్ద వెలుగు బల్బు) సెట్టు, దాంతోపాటు చెక్క హుడ్డూ నాకిచ్చేశాడు. వేసిన మొదటి రోజే పడిపోయానండి, ఇసుక మీద ఆ వెలుగు గీతలు అలా కదులుతుంటే టీవీ చూడ్డం మానేశాం ఇంట్లో.

ఇప్పుడు సమస్యేంటంటే వేడి. పొద్దున 10కి లైట్ వేసే ముందు 26.0 ఉంటుంది, మధ్యాహ్నం ఒంటిగంటకి 27.5, సాయంత్రం 7కి లైట్ ఆగే టైముకి 29.3. రాత్రంతా మెల్లగా దిగి తెల్లారేసరికి మళ్ళీ 26. హ్యామర్ కోరల్ పొద్దున బాగానే విచ్చుకుంటుంది, నాలుగు దాటాక చేతివేళ్ళు ముడిచినట్టు లోపలికి వెళ్ళిపోతోంది. ఆక్రోపోరా (కొమ్మలుండే కోరల్) ఒకటుంది, దాని పైకొమ్మ రంగు తేలిపోతోంది. సాయంత్రాలు క్లౌన్ ఫిష్ రెండూ పైకొచ్చి గబగబా మొప్పలు ఆడిస్తున్నాయి.

నాకర్థం కానిది ఒకటే. టీ5లు నాలుగూ కలిపి 216 వాట్స్, ఇది 250, అంటే పెరిగింది 34 వాట్స్ మాత్రమే. అప్పుడు సాయంత్రానికి 27 దాటేది కాదు. 34 వాట్స్‌కి రెండు డిగ్రీలు పెరుగుతాయా? ఫ్యాన్ పెట్టాలా, చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మెషిన్) కొనాలా, లేక ఈ లైటే తీసేసి ఎల్‌ఈడీకి పోవాలా? లైట్ తియ్యడం మాత్రం మనసొప్పట్లేదు, అది కూడా చెప్పేస్తున్నా ముందే.

సంప్‌లో_చెయ్యి:

ముందు ఏదీ కొనకండి. ఆ థర్మామీటర్ నిజం చెప్తోందా లేదా చూడండి. ఒక గ్లాసులో ఐసుముక్కలు బాగా నలగ్గొట్టి కొంచెం నీళ్ళు పోసి కలిపి అందులో ముంచితే 0 చూపించాలి, నా దగ్గర అద్దానికి అంటించే పట్టీ ఒకటి ఉండేది అది నీళ్ళ వేడి కన్నా గది వేడే ఎక్కువ చెప్పేది, దాన్ని నమ్మి ఆర్నెల్లు బతికా.

మీటర్ కరెక్టే అనుకుంటే, లెక్క ఇలా వెయ్యండి. 250 లీటర్ల ఉప్పునీళ్ళలోకి 100 వాట్స్ వేడి గంటసేపు పూర్తిగా దిగితే, బయటికి ఏమీ పోకపోతే, సుమారు 0.35 డిగ్రీ పెరుగుతుంది. తొమ్మిది గంటలకి 3 డిగ్రీల పైన. నిజానికి అద్దాల్లోంచీ పైనుంచీ కొంత పోతూనే ఉంటుంది కాబట్టి అంత పెరగదు, కానీ ఏ వస్తువు ఎంత పని చేస్తోందో అంచనాకి ఇది చాలు. మీ 3.3 డిగ్రీలకి నీళ్ళలోకి ఎంత దిగుతోందో మీరే చూసుకోండి.

ఇక 34 వాట్స్ సంగతి. మీరు బల్బు మీద రాసిన వాట్స్ పోలుస్తున్నారు. మెటల్ హాలైడ్‌కి పాత ఇనుప చోక్ (బల్బుకి వెళ్ళే కరెంటుని అదుపు చేసే పెట్టె) అయితే గోడలోంచి లాగేది 250 కాదు, ఇంకో 30, 40 వాట్స్ పైనే ఉంటుంది, అదంతా చోక్ దగ్గరే వేడి. అదొకటి. రెండోది, బల్బులోంచి వచ్చేది కంటికి కనపడే వెలుగొక్కటే కాదు, కనపడని ఇన్ఫ్రారెడ్ కూడా బోలెడు కిందికే వస్తుంది, చెయ్యి పెడితే ఎండలో పెట్టినట్టుంటుంది కదా, నీళ్ళు దాన్ని పై పొరల్లోనే మింగేస్తాయి. టీ5 కింద చెయ్యి పెడితే అలా ఉండదు. మూడోది హుడ్. పాత టీ5 ఫిక్చర్ కాళ్ళ మీద నిలబడి కింద ఖాళీ ఉండేదేమో, ఇప్పుడు చెక్కపెట్టెతో మూత పెట్టేశారు, ఆవిరి బయటికి పోవట్లేదు. ఆవిరి పోకపోతే ట్యాంక్‌కి చెమట పట్టనట్టే.

మూడు ప్రశ్నలు. చోక్ ఎక్కడ పెట్టారు? హుడ్‌కి వెనకాల, పైన రంధ్రాలున్నాయా? ట్యాంక్ మీద అద్దం మూత ఏమైనా ఉందా? ఒకరోజు లైట్ అసలు వెయ్యకుండా మిగతావన్నీ మామూలుగా నడపనిచ్చి సాయంత్రం ఎంతుందో రాయండి, ఒక్కరోజు చీకటికి కోరల్స్‌కి ఏమీ కాదు, సముద్రంలో మబ్బులు పట్టవా. అప్పుడు పంపులు పెంచేదెంతో, లైట్ పెంచేదెంతో విడిపోతుంది.

గాలిమర:

ఫ్యానే బ్రో, ఆలోచించకు. 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు, 12 వోల్టులవి, నీళ్ళ మీద నిటారుగా కాదు, ఉపరితలం వెంబడి గాలి ఈదుకుంటూ పోయేట్టు కొంచెం వాలుగా పెట్టు. మామూలుగా 2, 3 డిగ్రీలు దించుతాయి. ఎందుకంటే లీటరు నీళ్ళు ఆవిరవ్వాలంటే దాదాపు 2400 కిలోజౌల్స్ కావాలి, లెక్క ప్రకారం అదంతా నీ నీళ్ళ నుంచే తీసుకుంటే 250 లీటర్లు 2.4 డిగ్రీలు దిగిపోవాలి, ఒక్క లీటరుకే! కుండలో నీళ్ళు చల్లబడేది కూడా ఈ లెక్కతోనే.

కానీ ఆవిరయ్యేది నీళ్ళు, ఉప్పు కాదు. ఇక్కడే నేను బోల్తా పడ్డా. నాది 180 లీటర్ల సిస్టమ్, ఫ్యాన్లు పెట్టాక రోజుకి 3 లీటర్లు పోయేవి, రోజూ పొద్దున మగ్గుతో పోసేవాణ్ణి. ఓసారి ఐదు రోజులు ఊరెళ్ళాల్సొచ్చింది, చేపలకి మేత ఎవరు వెయ్యాలో చెప్పా కానీ నీళ్ళ సంగతి చెప్పలేదు. తిరిగొచ్చి తలుపు తీస్తే సంప్‌లోంచి పంప్ గాలి మింగుతున్న గురగురలు హాల్లోకి వినపడుతున్నాయి. రిఫ్రాక్టోమీటర్‌లో ఉప్పు చూస్తే వెయ్యికి 35 పాళ్ళు ఉండాల్సింది 38. ఆ కంగార్లో 15 లీటర్ల మంచినీళ్ళు ఒక్క గంటలో పోసేశా. నత్తలన్నీ గాజు మీంచి జారిపోయి వెల్లకిలా పడ్డాయి, సగం మళ్ళీ లేవలేదు. ఎక్కడం కన్నా ఒక్కసారిగా దిగడమే వాటికి ఎక్కువ దెబ్బ కొట్టింది అని నా అనుమానం.

అందుకని ఫ్యాన్ పెట్టే రోజునే ఆటో టాప్ ఆఫ్ (ఆవిరైనన్ని నీళ్ళు దానంతటదే నింపేది) కూడా పెట్టు, ఆర్‌ఓ నీళ్ళే వాడు, ఉప్పునీళ్ళు కాదు. ఫ్యాన్‌ని హుడ్‌కి గట్టిగా స్క్రూలతో బిగించు, జిప్ టై ఎండకి పెళుసైపోయి తెగిపోయిందంటే ఫ్యాన్ నీళ్ళలోనే. రెండు మూడు నెలలకోసారి రెక్కల మీద ఉప్పు పేరుకుంటుంది, తడిగుడ్డతో తుడుస్తుండు. గాలిలో తేమ ఎక్కువైన రోజు మాత్రం ఫ్యాన్ చేతులెత్తేస్తుంది, ఎంత తిప్పినా ఆవిరవ్వదు.

నీలివెలుగు:

నేను వేరే మాట చెప్తా, ఎవరూ కొట్టకండి. ఇన్ని తంటాలెందుకు, ఎల్‌ఈడీకి మారిపోతే సరి కదా? దాదాపు సగం కరెంటుతో అంతే పార్ (కోరల్స్‌కి పనికొచ్చే వెలుగు) వస్తుంది, వేడి కిందికి రాదు, వెనక హీట్‌సింక్ మీదుగా పైకి పోతుంది. నాకు చిల్లర్ లేదు, ఫ్యాన్ లేదు, 26.5 దగ్గర కదలకుండా ఉంటుంది.

పాత_రీఫర్:

ఎల్‌ఈడీతో వేడి తగ్గే మాట నిజమే కానీ అసలు వేడే రాదనుకుంటే పొరపాటు. నీళ్ళలోకి దిగిన ప్రతి వాటు వెలుగూ చివరికి వేడిగానే మారుతుంది, రాయి మింగినా కోరల్ మింగినా ఇసుక మింగినా. తేడా ఏంటంటే ఎల్‌ఈడీలో వృథా అయ్యే వాటా నీళ్ళ మీద పడకుండా గదిలోకి పోతుంది. చిన్నగది అయితే ఆ గది వేడెక్కి మళ్ళీ ట్యాంక్ దగ్గరికే వస్తుంది, కాకపోతే కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది.

నేను మారినప్పుడు ఏం జరిగిందో చెప్తా, కొత్తోడు గారు వినండి. 29.5 దాకా వెళ్తోందని బెంగపడి మెటల్ హాలైడ్ పీకేసి ఒకే రోజు ఎల్‌ఈడీ బిగించి, కంటికి కొంచెం మసగ్గా ఉందనిపించి 100 శాతం పెట్టా. నీలిరంగు ఎక్కువున్న వెలుగు మన కంటికి తక్కువగా అనిపిస్తుంది, కోరల్‌కి కాదు. పది రోజుల్లో మాంటిపోరా (పళ్ళెంలా పెరిగే కోరల్) మొత్తం తెల్లగా, సున్నం వేసినట్టు. వేడికి ఏమీ కానిది వేడి తగ్గించబోయి చంపుకున్నా, కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. కోరల్ ఒంట్లో ఉండే జూజాంథెల్లే అనే ఆల్గే ఉంది చూశారూ, దానికి వెలుగూ వేడీ రెండూ ఒకేసారి ఎక్కువైతే లోపల విషంలాంటి ఆక్సిజన్ తయారవుతుంది, అప్పుడు కోరల్ దాన్ని బయటికి గెంటేస్తుంది, మిగిలేది తెల్ల ఎముక మీద పారదర్శకమైన చర్మం. అందుకే వేడి ఎక్కువున్న రోజుల్లో లైట్ కూడా పెంచకూడదు. ఎవరైనా మారితే 40 శాతం దగ్గర మొదలెట్టి మూడు నాలుగు వారాల్లో మెల్లగా ఎక్కించండి, వీలైతే పార్ మీటర్ ఎవరిదగ్గరైనా అడిగి తెచ్చుకోండి.

చిల్లర్ గురించి కూడా ఒక మాట. చిల్లర్ వేడిని మాయం చెయ్యదు, ట్యాంక్‌లోంచి తీసి పక్కన పోస్తుంది, దాని సొంత కరెంటు వేడి కూడా కలిపి. స్టాండ్ లోపల తలుపులు మూసి పెట్టిన వాళ్ళని చూశా, అది వదిలిన వేడిగాలి అదే మళ్ళీ పీల్చుకుంటూ రోజంతా ఆగకుండా మోగుతుంది, నీళ్ళు మాత్రం చల్లబడవు. పెడితే గాలాడే చోట, కుదిరితే వేరే గదిలో.

ఉప్పునీటి_కొత్తోడు:

అందరికీ థాంక్సండి, సంప్‌లో_చెయ్యి గారూ మీరడిగింది చూద్దామని స్టాండ్ తలుపు తీశా. చోక్ ఎక్కడుందో చెప్తే తిడతారు. స్టాండ్ లోపల, సంప్ పక్కనే, ఒక చెక్కముక్క మీద. ఆయన ఇచ్చినప్పుడు వైరు అక్కడిదాకా వచ్చింది, అక్కడ పెట్టేశా, కనపడకుండా నీట్‌గా ఉంటుందని. లైట్ వేసి మూడు గంటలయ్యాక చెయ్యి పెడితే రెండు సెకన్లు కూడా ఉంచలేకపోయా. స్టాండ్ తలుపు లోపలి వైపు నీటిబొట్లు కారుతున్నాయి, గాలి ఇడ్లీపాత్ర మూత తీసినట్టుంది. టీ5కి చోక్‌లు ఫిక్చర్‌లోనే పైన ఉండేవి కాబట్టి ఎప్పుడూ ఆలోచించలేదు.

హుడ్‌కి వెనకాల వైరు పోయే కన్నం తప్ప ఏమీ లేదు. ట్యాంక్ మీద అద్దం మూత సగం ఉంది, చేపలు దూకుతాయని. థర్మామీటర్ ఐసులో 0.2 చూపించింది, పర్లేదు. చోక్ బయటికి మార్చొచ్చా?

సంప్‌లో_చెయ్యి:

హహ, తిట్టం, కానీ ఆ చోక్ సంప్ పక్కన ఉండడం వేడి కన్నా ముందు షాక్ సమస్య. పైపు ఒకటి ఊడి నీళ్ళు చిమ్మితే అదే మొదట తడిసేది. ఇవాళే మార్చండి. మెయిన్ ఆపేసి, గోడకి, నేల మీంచి ఎత్తుగా, చుట్టూ గాలాడేట్టు బిగించండి, కార్పెట్ మీదా బట్టల పక్కనా వద్దు. ఇగ్నైటర్ (బల్బుని స్టార్ట్ చేసే భాగం) నుంచి బల్బుకి పోయే వైరు మాత్రం చోక్ కంపెనీ చెప్పిన పొడవు దాటించకండి, అందులో స్టార్ట్ అయ్యేప్పుడు వేల వోల్టులు పోతాయి, మామూలు వైరు ముక్క అతికించి పొడిగించేది కాదు. తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ప్రతి వైరూ ప్లగ్గు దగ్గరికి వెళ్ళేముందు కిందికి ఒక వంపు తిరిగి పైకి వెళ్ళాలి, వైరు మీదుగా జారిన నీళ్ళు ఆ వంపు దగ్గర కింద పడిపోవాలి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) లేకపోతే అది ఫ్యాన్ కన్నా ముందు పెట్టాలి.

అద్దం మూత తీసి సన్నటి వల బిగించండి, చేపలూ దూకవు, ఆవిరీ పోతుంది. హుడ్ వెనక పైభాగంలో గాలి బయటికి లాగే ఫ్యాన్ ఒకటి, ముందు కింద గాలి లోపలికొచ్చే సందు. బల్బు నీళ్ళకి 9 అంగుళాల కన్నా దగ్గరుంటే కొంచెం ఎత్తండి. ఆ బల్బు రెండు వైపులా బిగించే రకమా? అయితే దాని కిందున్న అద్దం ఎట్టి పరిస్థితుల్లోనూ తియ్యొద్దు, వేడి బయటికి పోతుందని కొందరు తీసేస్తారు, అల్ట్రావయొలెట్‌ని ఆపేది ఆ అద్దమే, తీస్తే కోరల్స్‌తో పాటు మీ కళ్ళు కూడా పోతాయి. ఒక్క చుక్క చల్లనీళ్ళు కాలుతున్న బల్బు మీద పడినా పగిలిపోతుంది, దానిక్కూడా అది అడ్డం.

గాలిమర:

ఇంకోటి, ఉష్ణోగ్రత కంట్రోలర్‌కి లైట్ తగిలించి 28.5కి ఆగిపోయేట్టు పెడదామనుకుంటే పెట్టు కానీ ఆఖరి కాపలాగా మాత్రమే. మెటల్ హాలైడ్ ఆగిందంటే బల్బు చల్లారేదాకా, ఒక పది ఇరవై నిమిషాలు, మళ్ళీ వెలగదు, రోజుకి నాలుగుసార్లు ఆగి వెలుగుతుంటే బల్బు తొందరగా పోతుంది.

నీలివెలుగు:

చూశారా, నేను చెప్పినట్టు ఎల్‌ఈడీ పెట్టుంటే చోక్ గొడవే లేదు 😄

పాత_రీఫర్:

నీకు చోక్ లేదు సరే, ఆ ఎల్‌ఈడీ పైన ఫ్యాన్‌లో ఉప్పు తీసి ఎన్నాళ్ళయింది? ఓసారి చూడు. హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్మూ ఉప్పూ గట్టిపడితే చిప్‌లు వేడెక్కి, కొన్నిట్లో వెలుగు దానంతటదే తగ్గిపోతుంది, తగ్గించుకునే తెలివి లేనివి కాలిపోతాయి.

నీలివెలుగు:

...ఇప్పుడే తీసి చూశా. దువ్వెనకి పట్టిన మట్టిలా ఉంది. థాంక్స్ అన్నా.

ఉప్పునీటి_కొత్తోడు:

పన్నెండు రోజుల తర్వాత అప్‌డేట్ ఇస్తున్నా, లేటయినందుకు సారీ, రోజుకొకటే మార్చి రాసుకోవాలని కూర్చున్నా.

లైట్ లేని రోజు: పొద్దున 26.0, సాయంత్రం 26.7. అంటే పంపులూ పవర్‌హెడ్‌లూ (ట్యాంక్‌లో నీళ్ళు కదిపే చిన్న పంపులు) గది వేడీ కలిపి 0.7, మిగతా 2.6 మొత్తం లైట్ సెట్టు పనే. చోక్ గోడకి మార్చి, స్టాండ్ తలుపులు తెరిచి ఉంచిన రోజు సాయంత్రం 28.3. అంటే ఒక డిగ్రీ అసలు బల్బుది కానే కాదు! మూత తీసి వల పెట్టాక 27.9. హుడ్ వెనక ఒక ఫ్యాన్, సంప్ మీద ఒక ఫ్యాన్ పెట్టాక 27.1. చివరికి లైట్ టైము మార్చా, సాయంత్రం 4 నుంచి రాత్రి 12 దాకా, గంట తగ్గించి. ఇప్పుడు రాత్రి 12కి 26.8. ఎలాగూ ఆఫీసు నుంచి వచ్చాకే కదా చూసేది, ముందే ఎందుకు తట్టలేదో.

మధ్యలో రెండు రోజులు ముసురు పట్టింది, గాలిమర గారు చెప్పినట్టే ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి, 27.7 దాకా పోయింది. నీళ్ళు రోజుకి 2 లీటర్లు పోయేవి ఇప్పుడు 3.5, టాప్ ఆఫ్ పెట్టా, సాలినిటీ 35 దగ్గరే ఉంది. హ్యామర్ ఇప్పుడు లైట్ ఆగేదాకా విచ్చుకునే ఉంటోంది. క్లౌన్‌లు పైకి రావడం మానేశాయి. ఆక్రోపోరా కొమ్మ మాత్రం ఇంకా పాలిపోయే ఉంది.

సంప్‌లో_చెయ్యి:

సూపర్. చోక్ మార్చిన రోజే తలుపులు కూడా తెరిచారు కాబట్టి ఆ డిగ్రీలో చోక్‌ది ఎంతో, సంప్ ఆవిరిది ఎంతో చెప్పలేం, నాకైతే సగం సగం అనిపిస్తోంది. వేడినీళ్ళలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, మీ క్లౌన్‌లు పైకొచ్చింది అందుకే, దానికి తోడు మూత ఉండడంతో గాలి మార్పిడీ తగ్గింది. ఆక్రోపోరాని కదపకండి, తెల్లగా అయిన చోట పాలిప్‌లు (కోరల్ మీద ఉండే చిన్నచిన్న జీవులు) రాత్రిపూట టార్చ్ వేస్తే కనపడుతున్నాయా?

ఉప్పునీటి_కొత్తోడు:

ఇప్పుడే చూశానండి. చివర అర అంగుళం మేర ఏమీ లేవు, నున్నగా ఉంది, కొంచెం పచ్చని ఆల్గే కూడా పడుతోంది. దానికింద మాత్రం చిన్నచిన్న పాలిప్‌లు బయటికి ఉన్నాయి, పాలిపోయినవే కానీ ఉన్నాయి.

పాత_రీఫర్:

ఆ నున్నటి చివర చచ్చిపోయినట్టే, ఎదురు చూడకండి. బతికున్న చోటికి పావు అంగుళం లోపలికి కోసేసి పారెయ్యండి. మిగతా కొమ్మ పాలిపోయినా పాలిప్‌లు ఉన్నాయంటే ప్రాణం ఉన్నట్టే, రంగు రావడానికి వారాలు నెలలు పట్టొచ్చు, తొందరపడి లైట్ దగ్గరికి జరపొద్దు. హీటర్ ఎంతకి పెట్టారో అది కూడా ఓసారి చూసుకోండి, ఫ్యాన్ కంట్రోలర్ 26.5కి ఆగేట్టు పెట్టి హీటర్ 26.5కి వెలిగేట్టు పెడితే రెండూ రాత్రంతా ఒకదాన్నొకటి తిట్టుకుంటూ కూర్చుంటాయి.

ఉప్పునీటి_కొత్తోడు:

హీటర్ 26, ఫ్యాన్ 27కి వెలిగి 26.5కి ఆగుతుంది. కటింగ్ ప్లయర్ వెతుకుతున్నా, రేపు పొద్దున కోస్తా.